ఆదివారం ఆ స్టాంపు పేపరు మీద సంతకం పెట్టకండి

ప్రశ్న: మేడమ్, నాకు 34 ఏళ్ళు. పెళ్ళై పదకొండేళ్ళు. పాపకి తొమ్మిది, బాబుకి నాలుగు. ఇద్దరం ఉద్యోగస్తులమే, ఆయన జీతం నా జీతానికి రెండింతలు ఉంటుంది. 2018లో ఫ్లాట్ కొన్నాం. రిజిస్ట్రేషన్ ఆయన ఒక్కడి పేరు మీదే, లోనులో మాత్రం నేను కో-అప్లికెంట్‌ని. డౌన్ పేమెంట్ కోసం మా పుట్టింటివాళ్ళు పెట్టిన నగల్లో సగం అమ్మాను. మిగతావి మా అత్తగారి లాకర్లో ఉన్నాయి. నాలుగేళ్ళు ఈఎంఐ నా ఖాతాలోంచే కట్టాను. ఏడాదిన్నరగా విడిగా ఉంటున్నాం. పిల్లలు నా దగ్గరే, ఆయన ఇప్పటిదాకా ఒక్క రూపాయి పంపలేదు. వచ్చే ఆదివారం పెద్దమనుషులు కూర్చుంటున్నారు. స్టాంపు పేపరు ముందే రాయించారు. ఇంటి మీద, నగల మీద నాకు హక్కు లేదని, పిల్లల ఖర్చు ఎప్పటికీ అడగనని నేను సంతకం పెడితే ఆయన విడాకులకు ఒప్పుకుని పిల్లలను నాకే వదిలేస్తారట. మా అన్నయ్య పెట్టెయ్ పీడా పోతుందంటాడు. మా పిన్ని మాత్రం చట్టప్రకారం ఆస్తిలో సగం నీదే, ఎందుకు వదులుకుంటావంటుంది. ఎవరి మాట నిజం?

జవాబు:

అమ్మా, ముందు ఆదివారం సంగతి. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. మీ అన్నయ్యగారు మీ మీద ప్రేమతోనే అంటున్నారు, ఏడాదిన్నరగా మీరు నలిగిపోవడం చూసి ఎలాగోలా తెగిపోతే చాలనుకుని ఉంటారు. కానీ ఆ కాగితంతో ఏదీ తెగదు. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్ళికి, కుల ఆచారంలో విడాకుల పద్ధతి ఉందని రుజువు చేయగలిగిన కొద్దిమందిని మినహాయిస్తే, కోర్టు డిక్రీ ఒక్కటే విడాకులు. నోటరీ ముద్ర వేయించినా, పదిమంది పెద్దలు సాక్షి సంతకాలు చేసినా, మర్నాడు పొద్దున్న కూడా మీరు చట్టప్రకారం ఆయన భార్యే. ఆయనిస్తానన్న విడాకులు ఆ కాగితంతో రావు, మీరు వదులుకుంటున్నానని రాసిచ్చిన మాట మాత్రం రేపు కోర్టులో మీకు ఎదురుగా వచ్చి నిలబడుతుంది.

ఇక మీ పిన్నిగారి మాట. "సగం ఆస్తి" అనేది మన దగ్గర చాలామంది నమ్మే విషయం, బహుశా విదేశాల్లో ఉన్న బంధువుల కబుర్ల నుంచి వచ్చింది. మన దేశంలో, గోవాను మినహాయిస్తే, పెళ్ళయ్యాక సంపాదించిన ఆస్తిని విడాకులప్పుడు చెరిసగం చేసే చట్టం లేదు. గోవాలో పోర్చుగీసు కాలం నాటి సివిల్ కోడ్ ప్రకారం వేరే ఒప్పందం రాసుకోకపోతే దంపతుల ఆస్తి ఇద్దరిదీ. మనకు అలాంటిది తెద్దామని ప్రయత్నం జరగకపోలేదు. భర్త ఆస్తిలో భార్యకు వాటా ఇవ్వాలన్న సవరణ బిల్లును 2013లో రాజ్యసభ ఆమోదించింది, లోక్‌సభ దాటలేదు, 2014లో ఆ సభ గడువుతోపాటే బిల్లూ మురిగిపోయింది. అది చట్టమై ఉంటే ఈ ఉత్తరానికి జవాబు సగం తేలికయ్యేది, నాకు ఇప్పటికీ ఆ బాధ ఉంది.

కాబట్టి ఇప్పుడున్న పరిస్థితిలో ఆస్తి విషయానికి లెక్క ఒక్కటే: ఎవరి పేరు మీద ఉంది, ఎవరి డబ్బుతో కొన్నారు, దానికి కాగితం ఉందా. పిల్లల ఖర్చుది దీనికి పూర్తిగా వేరే దారి. ఆ పేపరు రాయించినవాళ్ళు ఈ రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టి, పిల్లలు కావాలంటే ఇల్లు వదులుకో, నగలు వదులుకో అంటున్నారు. మీరు ముందు ఆ ముడి విప్పాలి.

నగల నుంచి మొదలుపెడతాను, మీరు అన్నిటికంటే గట్టిగా ఉన్నది అక్కడే. పుట్టింటివాళ్ళు పెట్టినవి, అత్తింటివాళ్ళు మీకు కానుకగా ఇచ్చినవి, పెళ్ళిలో బంధువులు మీకు చదివించినవి, ఇవన్నీ స్త్రీధనం, మీ సొంతం. అత్తగారి లాకర్లో ఉన్నంత మాత్రాన అవి అత్తగారివి కావు. దాచిపెట్టమని ఇచ్చిన సొత్తును అడిగినప్పుడు తిరిగివ్వకపోతే నమ్మకద్రోహం నేరమవుతుందని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. విడిగా ఉంటున్నా మీ హక్కు పోదు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన ఒక తీర్పు మీ కేసుకి చాలా దగ్గరగా ఉంది. కేరళకు చెందిన ఒకావిడ పెళ్ళినాటి 89 సవర్ల బంగారాన్ని దాచిపెడతామని తీసుకుని భర్త, అత్తగారు వాడేసుకున్నారన్నది కేసు. ఫ్యామిలీ కోర్టు ఆవిడ మాట నమ్మింది, హైకోర్టు సరైన రుజువు లేదంది, సుప్రీంకోర్టు మళ్ళీ ఆవిడ పక్షాన నిలిచి 25 లక్షలు ఇవ్వమంది. అవసరానికి భర్త భార్య బంగారం వాడుకోవచ్చు గానీ దాన్నో, దాని విలువనో తిరిగివ్వాల్సిన నైతిక బాధ్యత ఆయనకు ఉంటుందని కోర్టు చెప్పింది. ఇలాంటి కేసుల్లో క్రిమినల్ కేసంత పక్కా రుజువు అక్కర్లేదని, జరిగి ఉండే అవకాశం ఏ వైపు ఎక్కువో చూడాలని కూడా అంది. కనుక బిల్లులన్నీ లేవని బెంగ పడకండి. పెళ్ళి ఫొటోలు, వీడియో, నగల షాపు రసీదులు ఉన్నంతవరకు, నగలు అమ్మిన రోజు మీ ఖాతాలోనో ఆయన ఖాతాలోనో పడిన డబ్బు, అక్కణ్ణుంచి బిల్డర్‌కి వెళ్ళిన చెల్లింపు, ఇవన్నీ తేదీలవారీగా ఒక వరుసలో పెట్టండి. ఆ వరుసే మీ సాక్ష్యం.

ఇంకో మాట. ఈ నగలు మీ నాన్నగారు పెట్టారు కాబట్టి ఆయనే కేసు వేయాలని ఎవరైనా చెబితే వినకండి. తెలంగాణ నుంచి వెళ్ళిన ఒక కేసులోనే 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది, స్త్రీధనానికి ఆ స్త్రీ ఒక్కతే యజమాని, ఆమె అధికారం ఇవ్వకుండా తండ్రి కూడా ఆమె తరఫున అడగలేడు. అడగాల్సింది మీరు.

ఇప్పుడు ఫ్లాట్. ఇక్కడ నేను మీకు తీపి మాటలు చెప్పను. పేరు ఆయనది, కాబట్టి మొదటి పైచేయి ఆయనదే. ఇద్దరి పేర్లూ ఉండి ఎవరెంత పెట్టారో తేలకపోతే చట్టం చెరిసగం అనుకుంటుంది, మీకు ఆ వెసులుబాటు లేదు. మీరు పెట్టిన సొమ్ము మీరే రుజువు చేసుకోవాలి. అయితే చాలామంది భర్తల తరఫువాళ్ళు వేసే ఒక బెదిరింపు ఉంది, "వేరేవాళ్ళ పేరు మీద కొన్నావంటే అది బినామీ, నోరెత్తితే నీకే నష్టం" అని. 2016లో సవరించిన బినామీ చట్టం ప్రకారం లెక్క చూపగలిగిన సొంత సంపాదనతో జీవితభాగస్వామి పేరు మీద కొన్న ఆస్తి బినామీ కింద రాదు. మీ డబ్బు జీతం, నగలు, రెండింటికీ లెక్క ఉంది. నాలుగేళ్ళ ఈఎంఐ మీ ఖాతాలోంచి వెళ్ళిన స్టేట్‌మెంట్లు బ్యాంకు సీలుతో తెచ్చుకోండి. వాటితో ఆ ఇంట్లో వాటా ఉందని ప్రకటించమనో, కనీసం పెట్టిన సొమ్ము ఇప్పించమనో దావా వేయవచ్చు, భార్యాభర్తల మధ్య ఆస్తి తగాదా కాబట్టి అది కూడా ఫ్యామిలీ కోర్టులోనే నడుస్తుంది. 2023లో మద్రాసు హైకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, ఇంటిపని చేస్తూ భర్త సంపాదనకు వీలు కల్పించిన గృహిణికి కూడా ఆ సంపాదనతో కొన్న ఆస్తిలో సమాన వాటా ఉందంది. మన హైకోర్టులు దానికి కట్టుబడాలని లేదు, కానీ మీ లాయరు దాన్ని కోర్టు ముందు పెట్టవచ్చు. మీ స్థితి ఆవిడకంటే గట్టిది, మీరు పెట్టింది కంటికి కనపడే డబ్బు.

దావా తేలేలోపు ఆయన ఇల్లు అమ్మేస్తే? ఈ భయం మీ ఉత్తరంలో లేదు, కానీ నాకు ఉంది. గృహహింస చట్టం, 2005 అంటే కొట్టడం తిట్టడం మాత్రమే అనుకుంటారు. ఖర్చులకు డబ్బు ఇవ్వకపోవడం, స్త్రీధనం ఆపుకోవడం కూడా ఆ చట్టంలో ఆర్థిక హింసే. దాని కింద మీరు కలిసి కాపురం చేసిన ఇంటిని అమ్మకుండా, వేరేవాళ్ళకు రాయకుండా మేజిస్ట్రేటు ఆపవచ్చు, నగలు తిరిగి ఇప్పించవచ్చు. రిజిస్ట్రేషన్ మీ పేరు మీద లేకపోయినా ఆ ఇంట్లో ఉండే హక్కు అడగవచ్చు. ఈలోగా ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) ఒకటి తీయించి పెట్టుకోండి, ఇంటి మీద కొత్త తాకట్టు ఏమైనా పడిందా తెలుస్తుంది.

లోను గురించి మాత్రం తప్పక జాగ్రత్తపడండి. మీరు కో-అప్లికెంట్. అంటే ఇంటి మీద పేరు లేదు, అప్పు మీద మాత్రం ఉంది. రేపు ఆ స్టాంపు పేపరు ప్రకారం ఇల్లు వదిలేసినా, ఆయన ఈఎంఐ కట్టడం మానేస్తే బ్యాంకువాళ్ళు మీకే ఫోను చేస్తారు, మీ సిబిల్ స్కోరే పడిపోతుంది. మీ ఇద్దరి ఒప్పందం బ్యాంకును కట్టిపడేయదు. ఒకవేళ ఎప్పుడైనా రాజీకి వచ్చి ఇల్లు ఆయనకే వదిలేసినా, మీ పేరు లోనులోంచి తీసేసినట్టు బ్యాంకు రాతపూర్వకంగా ఇచ్చేదాకా సంతకం చేయవద్దు. ఇన్నేళ్ళలో నేను చూసిన రాజీ పత్రాల్లో అందరూ మరిచిపోయేది ఇదే.

అత్తింటివాళ్ళ పూర్వీకుల ఆస్తి ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే దాంట్లో భర్త బతికుండగా మీకు వాటా లేదు, కానీ మీ ఇద్దరు పిల్లలకూ ఉంది. ఆడపిల్లకు ఈ హక్కు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం 1980లలోనే ఇచ్చింది, 2005 సవరణతో దేశమంతా వచ్చింది, అది పుట్టుకతోనే వస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. మీ విడాకులతో అది పోదు. ఆ స్టాంపు పేపరులో పిల్లల పేర్లు ఎక్కడైనా ఇరికించారేమో చదివి చూడండి.

ఇక పిల్లల ఖర్చు. మీ ఉత్తరం చదువుతుంటే నాకు కోపం వచ్చింది ఇక్కడే. పిల్లల భరణం మీకు ఆయన ఇచ్చే దయ కాదు, మీరు వదులుకోగలిగేదీ కాదు. అది పిల్లల హక్కు. భార్య తనకు రావాల్సింది వదులుకుంటే వదులుకోవచ్చు గానీ, కూతురికి రావాల్సింది తల్లి వదులుకోలేదని సుప్రీంకోర్టు 2019లో ఒక రాజీ విషయంలోనే చెప్పింది. కాబట్టి "ఎప్పటికీ అడగను" అన్న వాక్యం మీరు రాసిచ్చినా పిల్లల తరఫున అడగడానికి అది అడ్డు కాదు. అయినా రాసివ్వకండి. తరవాత దాన్ని చెల్లదనిపించుకోవడానికి వాయిదాల చుట్టూ తిరగాల్సింది మీరే కదా.

మీకు ఉద్యోగం ఉంది కాబట్టి పిల్లల ఖర్చు అడగకూడదని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. హిందూ దత్తత, పోషణ చట్టం, 1956 ప్రకారం పిల్లలను పోషించే బాధ్యత తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఉంది. ఇద్దరిదీ అంటే మీ ఒక్కరిదే అని కాదు. 2000లో సుప్రీంకోర్టుకు వెళ్ళిన ఒక కేసులో అచ్చం మీలాగే తల్లి ఉద్యోగి, తండ్రి జీతం ఆమెకు రెట్టింపు. ఒక్కో బిడ్డకు నెలకు 3 వేలు అవసరమని లెక్కగట్టి, జీతాల నిష్పత్తిలో తండ్రి రెండు వంతులు, తల్లి ఒక వంతు భరించాలని కోర్టు చెప్పింది. ఆ 3 వేలు ఇప్పటి రోజులకు ఎక్కడా చాలదు గానీ నిష్పత్తి లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. స్కూలు ఫీజు, ఆటో, మందులు, ట్యూషను, ఇంటి అద్దెలో పిల్లల వంతు, అన్నీ ఒక నోటుబుక్కులో నెలవారీగా రాయండి, రసీదులు దానిలోనే అంటించండి. గుండ్రంగా ఒక అంకె చెప్పడం కంటే ఈ పుస్తకం వంద రెట్లు నయం.

ఇంతశాతం అని చట్టంలో లేదు. జీతంలో 25 శాతం అని అందరూ చెప్పుకునేది 2017 నాటి ఒక తీర్పులోంచి వచ్చింది, అది ఆ కేసుకు కోర్టు సబబు అనుకున్న మొత్తం, అన్ని కేసులకూ కొలబద్ద కాదు. కోర్టు చూసేది ఇద్దరి ఆదాయాలు, అప్పులు, పిల్లల అవసరాలు, కలిసి ఉన్నప్పుడు బతికిన తీరు. ఆయన జీతం దాస్తారన్న భయం ఉంటే, 2020 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు మీకు కొండంత అండ. భరణం కేసులో ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయం మొత్తం అఫిడవిట్‌లో పెట్టి తీరాలి, అబద్ధం రాస్తే దానికి వేరే చర్య ఉంటుంది. అదే తీర్పు ఇంకొకటి చెప్పింది, భరణం అర్జీ పెట్టిన తేదీ నుంచి లెక్క కట్టాలని. దీని అర్థం తెలుసా, మీరు వేయకుండా గడిపిన ఈ ఏడాదిన్నర డబ్బు రాబట్టడం కష్టం, ఇక ముందు ఆలస్యం చేసే ప్రతి నెలా కూడా అంతే. "ఆయన ఉద్యోగం మానేశారు" అన్న నాటకం కూడా కొన్నిచోట్ల ఆడతారు. ఒంట్లో శక్తి ఉన్నవాడు కూలిపని చేసైనా భార్యాబిడ్డలను పోషించాల్సిందేనని 2022లో సుప్రీంకోర్టు అన్న మాట మీ లాయరుకు తెలిసే ఉంటుంది.

అర్జీ ఎక్కడ పెట్టాలంటే, భరణం అడిగే పాత సీఆర్‌పీసీ 125 సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 144 అయింది, 2024 జులై 1 నుంచి. మీరు ఇప్పుడు ఉంటున్న ఊరి ఫ్యామిలీ కోర్టులోనే వేయవచ్చు, ఆయన ఊరికి వెళ్ళనక్కర్లేదు. మధ్యంతర భరణం, అంటే కేసు తేలేలోపు ఇచ్చేది, అడగండి, నోటీసు అందిన 60 రోజుల్లోపు వీలైనంతవరకు తేల్చాలని చట్టమే చెబుతోంది. నిజం చెప్పాలంటే వాయిదాలు అంతకంటే ఎక్కువే పడుతుంటాయి, మనసు గట్టి చేసుకోండి. ఆర్డరు వచ్చాక ఆయన కట్టకపోతే వారంటు, జైలు దాకా వెళ్తుంది, అయితే బాకీపడిన నెల నుంచి ఏడాదిలోపు మీరు అడగాలి, అది మరిచిపోతే ఈ దారిలో ఆ నెల డబ్బు వదులుకున్నట్టే. పిల్లలు పెద్దవుతుంటే ఖర్చు పెరుగుతుంది కాబట్టి తరవాత పెంచమని కూడా అడగవచ్చు. పాపకు 18 నిండాక కూడా పెళ్ళయ్యేవరకు, తన సంపాదనతో బతకలేకపోతే, 1956 చట్టం కింద తండ్రి నుంచి అడిగే హక్కు ఆమెకు ఉంది.

(ఇది చదువుతున్న ముస్లిం, క్రైస్తవ సోదరీమణులకు: 144 సెక్షనూ, గృహహింస చట్టమూ అన్ని మతాలవాళ్ళకూ వర్తిస్తాయి. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా పాత 125 కింద భరణం అడగవచ్చని 2024 జులైలో తెలంగాణ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది.)

"పిల్లలను నాకే వదిలేస్తారట" అని రాశారు. వదిలేయడానికి వాళ్ళు సామాను కాదు కదా అమ్మా. బాబుకి నాలుగేళ్ళే, అయిదేళ్ళలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని చట్టంలోనే ఉంది. పాప విషయంలో కోర్టు చూసేది పాప మేలు. తొమ్మిదేళ్ళుగా ఆమెను పెంచింది, స్కూలుకి పంపింది, ఇప్పుడు చూసుకుంటున్నది మీరు. మీకు ఇప్పటికే ఉన్నదాన్ని మీకే ఖరీదు కట్టి అమ్ముతున్నారు. అయితే ఒక్కటి అడుగుతున్నాను, డబ్బు పంపలేదన్న కోపంతో పిల్లలను ఆయనకు చూపించడం ఆపకండి. డబ్బు వేరు, చూడటం వేరు, కోర్టు కూడా అలాగే చూస్తుంది. పాప నాన్న కోసం అడుగుతూ ఉండవచ్చు, మీరు రాయకపోయినా నాకు తెలుసు.

మీకు లాయరు ఖర్చు భారమనిపిస్తే, మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం చట్టబద్ధమైన హక్కు. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళండి, లేదా 15100కి ఫోను చేయండి. వాట్సాప్ మెసేజ్‌లు ఏవీ తుడిచేయకండి, ఆ ఫోను మార్చకండి, స్క్రీన్‌షాట్లకంటే ఫోనే ముఖ్యం.

ఆదివారం మాత్రం వెళ్ళండి. వెళ్ళకపోతే మొండిదంటారు. పెద్దలను గౌరవంగానే పలకరించి, ఆ కాగితం కాపీ ఒకటి అడిగి తీసుకోండి, లాయరుకు చూపించి చెబుతానని ఒక్క మాట చెప్పి ఊరుకోండి. విడాకులకు నాకు అభ్యంతరం లేదని, ఏడాది విడిగా ఉన్నాం కాబట్టి ఇద్దరం కలిసి కోర్టులో పరస్పర అంగీకారంతో వేసుకోవచ్చని, నగల జాబితా, ఇంట్లో పెట్టిన సొమ్ము, లోనులో పేరు, పిల్లలకు నెలనెలా ఎంత అన్నవి అందులో విడివిడిగా రాద్దామని మీరే ప్రతిపాదించండి. ఇప్పుడే సంతకం పెట్టాలని ఎవరైనా గొంతు పెంచితే అన్నయ్యగారిని తీసుకుని లేచి వచ్చేయండి. అందుకే శనివారంలోపు ఈ జవాబు ఆయనకు ఒకసారి చదివి వినిపించండి, సోమవారం పొద్దున్నే లాయరు దగ్గరకు ఆయన్నే తోడు తీసుకుని వెళ్ళండి.